నా దవడపన్నులోని సిమెంటుకు బహిరంగ లేఖ

గ్లాస్ అయానమర్ గారికి,

నిన్నటిదాకా మీరు నాకు 'గారే'. రాత్రి నములుతుంటే ఏదో రాయి తగిలిందని ఉమ్మి చూస్తే అది రాయి కాదు, నువ్వు. కాబట్టి ఇక్కణ్నుంచి నువ్వే.

నిన్ను పెట్టేటప్పుడు డాక్టరు గారు ఎంత పొగిడారో! ఇది ఊరికే గుంత పూడ్చదు, ఫ్లోరైడ్ వదులుతూ చుట్టుపక్కల పన్నుని కూడా చూసుకుంటుంది అన్నారు. కాపలా కూడా కాసే అద్దెవాడు దొరికాడని మురిసిపోయాను. తీరా చదివితే నీ దానమంతా మొదటి ఒకటి రెండు రోజుల ముచ్చటేనట, అప్పుడు దోసిళ్లతో పంచి, వారాలు గడిచేసరికి చెంచాతో, ఆ తర్వాత నెలల తరబడి చుక్కలు లెక్కపెట్టుకుంటూ. దీన్ని మనవాళ్లు ఆరంభశూరత్వం అంటారు.

అంతటితో ఆగావా? ఖాళీ అయ్యాక నా టూత్‌పేస్టులోని ఫ్లోరైడే పీల్చుకుని మళ్లీ నాకే వదులుతావట, దానికి రీచార్జ్ అని ఒక పేరు. పేస్టు కొన్నది నేను, తోమింది నేను, పుణ్యం నీకు. అత్త సొమ్ము అల్లుడు దానం!

ఇక బలం సంగతి. నొక్కుడు తట్టుకోవడంలో నువ్వు 100, 200 మెగాపాస్కల్స్ మధ్య ఎక్కడో తచ్చాడుతుంటే, పంటి రంగులో ఉండే రెజిన్ ఫిల్లింగ్ కాంపోజిట్ 300 చుట్టూ ఉంటుంది, పాత వెండి ఫిల్లింగ్ 400 కూడా దాటుతుంది. వంచి చూసే పరీక్షలో అయితే మరీ పరువు తక్కువ. నమిలే చోట పెట్టే కాంపోజిట్‌కి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ అడిగే కనీస మార్కు 80, మామూలు రకానివి మీరు అందులో సగం తెచ్చుకుంటే గొప్ప.

నిజం చెప్పొద్దూ, నీ దానగుణానికీ, నీ బలహీనతకీ కారణం చాలావరకు ఒకటే. నీ ఒళ్లంతా నీళ్లు, ఆ నీళ్ల దారినే ఫ్లోరైడ్ బయటికి నడిచొస్తుంది. కాంపోజిట్ రెజిన్ నీటిని పెద్దగా దగ్గరికి రానివ్వదు, అందుకే గట్టిది, అందుకే పిసినారి. మీ ఇద్దరికీ సంబంధం కలిపితే పుట్టిన పిల్లలూ అంతే, రెజిన్ కలిపిన అయానమర్‌ది నీ పోలిక, కొంచెం బలం ఎక్కువ. కాంపోమర్‌ది అటు పోలిక, చెయ్యి విదిలించడం తక్కువ.

అలాగని కాంపోజిట్ ఏమీ పతివ్రత కాదులే. గట్టిపడటానికి వేసే నీలం లైటు పడగానే రెండు మూడు శాతం ముడుచుకుపోతుంది, అంచు దగ్గర సందు పడితే మళ్లీ పుచ్చే. నువ్వు మాత్రం జిగురు లేకుండానే పంటిలోని కాల్షియాన్ని పట్టుకుంటావు, కాస్త తడి ఉన్నా అలగవు. అరగంట నోరు తెరుచుకుని కూర్చోలేను, త్వరగా కానివ్వండి అన్నది కూడా నేనే... సరే, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

రేపు నిన్ను పూర్తిగా తీయరట. మిగిలిన నిన్ను అడుగున ఉంచి పైన కాంపోజిట్ వేస్తారట, సాండ్‌విచ్ పద్ధతి అంటారట. నెత్తిన కాంపోజిట్ ఉంటుంది కాబట్టి బరువు దానిది. పేస్టు మాత్రం ఇక నీదాకా రాదు, చూసుకో.

ఇట్లు,
పన్ను ఓనరు