ఎనిమిదికి బదులు పది

చవితి నాటి రాత్రి మా అపార్ట్‌మెంటు సెల్లారులో జరిగినదాన్ని మూడు రోజులైనా ఎవరూ మరిచిపోవడం లేదు కనుక, నా వాదన కూడా ఒకచోట రాసి పెట్టడం న్యాయమని తోచింది. లిఫ్టులో ఎదురైన పిల్లలు నా ముందు చప్పట్లు కొట్టి, నా ముఖం రంగు మారుతుందేమోనని పరీక్షగా చూస్తున్నారు.

మాది విశాఖలోని ఎంవీపీ కాలనీ. డిసెంబరు 4న నేవీ డే సంబరాల్లో ఆర్కే బీచి ఎదుట ఓడలు దీపాలు పెట్టుకుని నిలబడడం చూసి వచ్చినప్పటి నుంచి, మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి గణపతి మండపం కూడా అలాగే వెలగాలన్న కోరిక పట్టుకుంది. కంప్యూటరుతో దీపాల రంగులు మార్చవచ్చునని ఒకసారి లిఫ్టు దగ్గర నోరు జారిన పాపానికి ఆ భారం నా మీద పడింది. ఖర్చు సంగతి ఎత్తితే ఆయన, "దేవుడి పనికి లెక్కలేటండీ?" అన్నారు. అంటే ఇవ్వరని అర్థం. అందువల్ల నా సొంత డబ్బుతో స్టేజీల మీద వాడే రంగుల దీపాలు, పార్ లైట్లంటారు, ఎనిమిది పాతవి కొన్నాను. ఉప్పు గాలికి వాటి పిన్నులు చిలుము పట్టి ఉన్నాయి. మూడింటికి వెనుక మూతలు లేవు. తక్కిన ఏర్పాట్లన్నీ ఒక ఆదివారంలో ముగిశాయి.

ఈ దీపాలు డీఎంఎక్స్ అనే పద్ధతి మీద నడుస్తాయి. అమెరికాలోని ఒక నాటకరంగ సాంకేతిక సంస్థ 1986లో దీన్ని రూపొందించింది. ఒకే కేబుల్ మీద 512 చానళ్లు వెళతాయి. ఒక్కొక్క చానల్ 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకెను మోసుకుపోతుంది. కేబుల్ మొదటి దీపం నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి, పంక్తి భోజనంలో సాంబారు బకెట్టు కదిలినట్టు సాగుతుంది. ప్రతి దీపమూ తన చిరునామా దగ్గర మొదలయ్యే వాటాను మాత్రం వడ్డించుకుంటుంది; అయినా బకెట్టులో ఏమీ తరగదు, అంకెలన్నీ అలాగే ముందుకు వెళతాయి. నా దీపాలకు తలా ఏడు చానళ్లు: డిమ్మర్ (వెలుగు ఎంతో చెప్పేది), ఎరుపు, ఆకుపచ్చ, నీలం, స్ట్రోబ్ (టపటపా మిణుకుమనిపించేది), మోడ్, స్పీడ్. కనుక మొదటిదాని చిరునామా 1, రెండోదానిది 8, మూడోదానిది 15. ఈ చిరునామాను దీపం వీపున వరుసగా ఉండే, నువ్వు గింజలకన్నా కాస్త పెద్దవైన డిప్ స్విచ్‌లతో పెట్టాలి. వాటి విలువలు 1, 2, 4, 8, 16 అని రెట్టింపవుతూ తొమ్మిదోదానికి 256 అవుతాయి. ఎనిమిది కావాలంటే నాలుగో స్విచ్ ఒక్కటే పైకి లేపాలి. ఇందులో మరొక విశేషం, మాట ఒకవైపే వెళ్లడం. కంప్యూటరు ఆజ్ఞాపిస్తుంది, అందిందనో, అర్థం కాలేదనో దీపం తిరిగి చెప్పే ఏర్పాటు లేదు. మా అసోసియేషన్ సమావేశాలకు అలవాటు పడినవాణ్ణి కనుక ఇది నాకు వింతగా తోచలేదు.

చవితి మధ్యాహ్నం రిహార్సల్ ఏ లోపమూ లేకుండా జరిగింది. ప్రెసిడెంటు గారు వచ్చి చూసి, తల పంకించి, "దేవుడి ముందు ఇంత దుమ్మేటండీ!" అంటూ భుజం మీది ఎర్ర తుండుగుడ్డతో దీపాలన్నింటినీ ముందూ వెనుకా స్వయంగా తుడిచి వెళ్లారు. ఆయన శ్రద్ధకు అప్పుడు నేను సంతోషించాను కూడా.

రాత్రి ఏడున్నరకు పంతులు గారు హారతి వెలిగించగానే ట్యూబులైట్లు ఆర్పించాను. దీపాలన్నీ చీకటిలోంచి పది సెకన్లలో మెల్లమెల్లగా కాషాయంలోకి రావాలి: డిమ్మర్ 255, ఎరుపు 255, ఆకుపచ్చ 100, నీలం సున్నా. ఏడు దీపాలు తెల్లవారినంత అందంగా వచ్చాయి. గణపతి ముఖం మీదికి తిప్పిన రెండో దీపం మాత్రం వెలగలేదు. ప్లగ్గు వదులై ఉంటుందనుకుని ఒక అడుగు ముందుకు వేసేంతలో పంతులు గారు గంట మోగించారు.

గణపతి నీలమయ్యాడు.

పంతులు గారి గంట గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అది వారి తాతగారి నాటి కంచు గంట. అయిదో అంతస్తులో టీవీ చూస్తున్నవారిని సైతం ప్రసాదానికి కిందికి దింపగల శక్తి దానిది. ఆయన దాన్ని ఏకధాటిగా మోగించరు. రెండు దీర్ఘాలు, మూడు హ్రస్వాలు, మంత్రం చటుక్కున అందకపోతే మధ్యలో కొంత విరామం, అందగానే ఆ ఆనందంలో నాలుగు అదనం. ఈ ఛందస్సునంతా దీపం ఒక్క గణం తప్పకుండా పాటించింది. స్వామివారి తొండం ఆకుపచ్చ, చెవులు ఊదా, బొజ్జ పసుపు అనుకునేలోపు అన్నీ కలిసి ఎరుపు. పంతులు గారు కళ్లు మూసుకుని ఉండడం వల్ల ఆయనకు ఏమీ తెలియలేదు. ఆయన భక్తితో గంట జోరు పెంచారు. వెనుక వరుసలో ఒక చిన్నపిల్ల తుమ్మింది. స్వామి గులాబి రంగయ్యాడు. ఆ తరువాత పిల్లలందరికీ ఒకేసారి జలుబు చేసింది.

ప్రెసిడెంటు గారు లేచి, "ఏటండీ ఇది? ఆపండి!" అని కేకేశారు. "ఏటండీ"కి ఎరుపు, "ఇది"కి నీలం, "ఆపండి"కి తెలుపు పడ్డాయి. నాకు జబ్బు తెలిసిపోయింది. ఈ దీపాల లోపల చిన్న మైకు ఒకటి ఉంటుంది; మోడ్ చానల్ 200 దాటితే దీపం కంప్యూటరు మాట వినడం మానేసి, చెవిన పడిన చప్పుడుకల్లా రంగు మారుస్తుంది. అది ఎందుకు దాటిందో మాత్రం అంతు పట్టలేదు. కనుక ఆ క్షణానికి సాంకేతికంగా సరైన సలహానే ఇచ్చాను. "ప్రెసిడెంటు గారూ, మీరు మాట్లాడకుండా ఉంటే అదే ఆగుతుందండి."

పదకొండేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. ఈ వాక్యం మా అపార్ట్‌మెంటులో ఇంతవరకు ఎవరూ పలకలేదు. పంతులు గారు కూడా కళ్లు తెరిచి గంట ఆపారు. పూర్తి నిశ్శబ్దం ఆవరించింది. ఆ నిశ్శబ్దంలో దీపం ఒకే రంగు మీద నిశ్చలంగా నిలిచి, నా మాట అక్షరాలా నిజమని రుజువు చేసింది. ఆ రుజువును పట్టించుకున్నవారు లేరు.

"నన్ను నోరు మూసుకోమంటారా?" ఊదా, ఆకుపచ్చ, ఎరుపు, ఎరుపు.

చేతులు వణికి లాప్‌టాప్ మీద బ్లాకవుట్ నొక్కాను. ఎనిమిది దీపాలూ ఆరిపోయి, హారతి పళ్లెంలో కర్పూరం ఒక్కటే మిగిలింది. అటు తరువాత నా మీద పడిన మాటలకు రంగులు లేవు. ఉండ్రాళ్లు పంచారు.

రాత్రి పదకొండు గంటలకు దీపం దింపి టార్చి వేసి చూశాను. నాలుగో స్విచ్‌తో పాటు రెండోది కూడా పైకి లేచి ఉంది. ఎనిమిదీ రెండూ పది. చిరునామా రెండు గడులు జరగడంతో, మూడో దీపం డిమ్మర్ కోసం పదిహేనో చానల్‌లో నేను పంపిన 255 సరాసరి దీని మోడ్‌లో పడింది. మూడో దీపం ఎరుపు కోసం పంపిన మరో 255 దీని స్పీడ్‌లో పడింది. సౌండ్ మోడ్‌లో ఆ స్పీడే మైకుకు సున్నితత్వమవుతుంది కనుక దీపానికి పిల్ల తుమ్ము కూడా వినబడింది. రెండో స్విచ్ సందులో నూలుపోగు ఒకటి చిక్కుకుని ఉంది. ఎర్ర పోగు.

మరునాడు ఉదయం ఆ దీపాన్ని పోగుతో సహా ప్రెసిడెంటు గారి ఫ్లాటుకు మోసుకెళ్లి, ఎవరినీ నిందించకుండా, దుమ్ము తుడవడంలో సహజంగా ఎదురయ్యే ప్రమాదాల గురించి మాత్రమే వినయంగా వివరించాను. ఆయన కళ్లజోడు పైకి సవరించుకుని, దీపాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఇంత చిన్నదేటండీ? దీనికా అంత గొడవ? ఇదేనా? లేకపోతే ఇదా?" అంటూ చిటికెన వేలి గోటితో ఒక్కొక్కదాన్నీ పైకీ కిందికీ కదిపి చూశారు. తొమ్మిదింటినీ.