నల్లగొండకు సముద్ర తీర పరిరక్షణ సమితి కావాలి

నల్లగొండ జిల్లాకు ఒక సముద్ర తీర పరిరక్షణ సమితి అర్జెంటుగా కావాలి. మనకు సముద్రం ఎక్కడుందని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. సముద్రం ఉన్న ఊళ్లలో సమితులు ఎలాగూ ఉన్నాయి. లేనివాళ్ల గోడు ఎవరికి పట్టింది? పైగా లేని తీరాన్ని కాపాడడంలో ఉన్న సుఖం ఉన్న తీరంతో రాదు. అది కోతకు గురికాదు, కబ్జా కాదు. (కబ్జా గురించి మాత్రం గట్టిగా చెప్పలేను. బైపాస్ పక్కన సీ వ్యూ వెంచర్ వేసి వారంలో ప్లాట్లన్నీ అమ్మగల సమర్థులు మన దగ్గర ఉన్నారు.)

ముందు కోస్తావాళ్ల పద్ధతిలో లోపాలు చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దెబ్బతిన్న మడ అడవిని బతికించడానికి పల్లెజనం బురదలో దిగి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. పోటు నీళ్లు వాటిలోంచి లోపలికొచ్చి, పాటుకు వెనక్కి పోతుంటే నేలలో పేరుకున్న ఉప్పు తగ్గుతుంది. అప్పుడు మొక్కలు నాటుతారు. అవి అడవి అయ్యేసరికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ స్టేటస్ పెట్టుకోవడానికి బురద తప్ప ఏమీ ఉండదు. తాబేళ్ల సంగతి మరీ అన్యాయం. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి వంద దాకా గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని ఏరి, హేచరీ ఇసుకలో పాతిపెట్టి, పిల్లలయ్యేదాకా కాపలా కాసేది మాత్రం ఒడ్డునున్న మత్స్యకారులు. ముంబైలో అఫ్రోజ్ షా అనే లాయరు 2015లో వెర్సోవా బీచ్‌లో చెత్త ఎత్తడం మొదలుపెట్టి వారం వారం ఎత్తుతూనే పోయాడు. మొదటి వారమే ఫొటో దిగి ఇంటికి పోవచ్చని చెప్పేవాళ్లు ఆయనకు దొరకలేదు పాపం.

మన సమితికి ఆ తిప్పలు ఉండవు. ఏడాదికోసారి బాపట్ల దగ్గరి సూర్యలంకకు బస్సు వేస్తాం. ఒకే రంగు టీషర్టులు, గ్లౌజులు, పన్నెండడుగుల ఫ్లెక్సీ. టిఫిన్‌కూ సముద్రస్నానానికీ మధ్య శుభ్రత కార్యక్రమం. మధ్యాహ్నం బిర్యానీ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు అక్కడే వదిలి రావాలి. వచ్చే ఏడు ఏరడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నిజానికి తీరానికి మన సేవ ఈనాటిది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటేసరికి నురగలు కక్కుతూ, ఉమ్మడి జిల్లా పొలాల మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో మనం సమర్పించే సంచులు, సీసాలు, థర్మాకోల్ పళ్లాలు వినయంగా అందుకుంటుంది. వరదలకు పులిచింతల, ప్రకాశం బ్యారేజీ గేట్లు లేస్తే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా దారి ఉన్నట్టే. రవాణా ఖర్చు లేదు. అలాగని అన్నీ పంపేయం. డెల్టా ఒడ్డు నిలవాలంటే నది తెచ్చే ఒండ్రు పడుతుండాలి, లేకపోతే సముద్రం కోసుకుపోతుంది. ఆ ఒండ్రు శ్రీశైలంలో కొంత, 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన మన సాగర్‌లో కొంత ఆగిపోతుంది. మట్టి మనకు, ప్లాస్టిక్ వాళ్లకు. కృష్ణా నీళ్ల వాటాల మీద ట్రిబ్యునళ్లు కూర్చున్నాయి గానీ, ఈ వాటాల మీద ఎవరూ పేచీ పెట్టినట్టు లేదు.

ఇంత చెప్పాక ఒక పెద్దాయన, "పానగల్లులో ఉదయసముద్రం ఉన్నది గద సార్, దాని ఒడ్డు చూసుకుంటే చాలదా?" అన్నాడు. ఇలాంటి వాళ్ల వల్లే ఉద్యమాలు దెబ్బతింటాయి. కందూరు చోడ రాజులు చెరువు కట్టించి సముద్రమని పేరు పెట్టుకుంటే మనం బాధ్యులమా? ఆ లెక్కన వనపర్తి వైపు శంకరసముద్రం, రంగసముద్రం కూడా తీరాలే అవుతాయి. పాలమూరు వాళ్లు వచ్చి ఉపాధ్యక్ష పదవి అడుగుతారు.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. సముద్రానికైతే పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలు వర్తిస్తాయని 1991లోనే నోటిఫికేషన్ వచ్చింది. అది బాపట్లవాళ్ల తలనొప్పి, మనం నిర్భయంగా సమర్థించవచ్చు. పెద్ద చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) దాటాక 30 మీటర్ల బఫర్ అంటారు. ఈ ఎఫ్‌టీఎల్ అనేది ఎండాకాలం వెతికితే ఎక్కడా కనబడదు, వానాకాలం హాల్లో సోఫా కింద కనబడుతుంది. శిఖం భూమిలో, అంటే చెరువు కడుపులో, ఇల్లు కట్టుకున్న పెద్దమనుషులను పక్కన పెడితే సమితికి అధ్యక్షుడే కాదు, చందా ఇచ్చేవాడు కూడా మిగలడు.

కాబట్టి చెరువుల ప్రస్తావన అజెండాలోంచి తీసేశాం. అంతర్జాతీయ తీర శుభ్రత దినం సెప్టెంబర్ మూడో శనివారం. శుక్రవారం రాత్రి క్లాక్ టవర్ దగ్గర బస్సు సిద్ధంగా ఉంటుంది. నిమజ్జనం కూడా అప్పుడే పడితే కంగారు పడొద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతిని ముందు చెరువులో వేసి, చేతులు కడుక్కుని బస్సెక్కుదాం.