ఓటీపీ చెప్పండి సార్, క్లోజ్ చేసేస్తాను

కస్టమర్ సర్వీసు నాశనమైపోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సర్వీసు ఎక్కడికీ పోలేదు, భేషుగ్గా జరుగుతోంది, కాకపోతే చేసేది మనం. హోటల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మెనూ వెతుక్కునేది మనం, బ్యాంకులో ఆ ప్రింటింగ్ మిషన్ ముందు వంగి దాని నోట్లో పాస్‌బుక్ సరైన పేజీ పెట్టేది మనం, సూపర్‌మార్కెట్‌కి సంచి మర్చిపోతే డబ్బిచ్చి సంచి కొని దాని మీద వాళ్ల పేరు ఊరంతా మోసేది కూడా మనమే. ఇంత పని నేర్పిన మహానుభావులని పట్టుకుని సేవ లేదంటే కళ్లు పోతాయి.

అసలు మమ్మల్ని చెడగొట్టింది చిన్నప్పటి కూరగాయల అవ్వ. కిలో వంకాయలు తూచి, పైన రెండు కాయలు కొసరేసి, అడక్కుండానే కరివేపాకు రెబ్బ సంచిలో పడేసేది. ఆ ముద్దులో పెరిగినవాణ్ణి కాబట్టే, డబ్బు పోసి కొన్న వస్తువు పనిచేయాలన్న దురాశ నాకింకా పూర్తిగా చావలేదు.

మొన్నామధ్య ఒక ఆదివారం మా వాషింగ్ మిషన్ తలుపు బిగుసుకుపోయింది. ఫ్రంట్ లోడ్. లోపల మా ఆవిడ కాటన్ చీరలు రెండు, నా లుంగీలు, దిండు గలీబులు, అడుగున కాస్త సబ్బునీళ్లు. గాజు తలుపులోంచి అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి, మ్యూజియంలో పెట్టినట్టు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమంది, నొక్కాను. రిపేరు కోసం రెండు, నొక్కాను. ఆ తర్వాత 'మీ కాల్ మాకు చాలా ముఖ్యం' అని ఒకావిడ ఇరవై నిమిషాల పాటు చెప్పింది, పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో అంత ప్రేమగా అన్నిసార్లు ఎవరూ అనలేదు. చివరికి మనిషి దొరికాడు, హిందీలో మాట్లాడాడు. నాలుగు నొక్కాను కదయ్యా అంటే, మళ్లీ మొదట్నుంచి నొక్కమన్నాడు.

ఐదో రోజు టెక్నీషియన్ ఫోన్.

"సార్, డోర్ లాక్ కంప్లైంట్ మీదే కదా? మీకో ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి."

"వస్తున్నారా?"

"పార్టు రావాలి సార్. ముందు ఇది క్లోజ్ చేయకపోతే టైమ్ దాటిపోయి నాకు పెనాల్టీ పడుద్ది."

"రిపేరు చేయకుండా ఎలా క్లోజ్ చేస్తారు?"

"ఓటీపీతో సార్."

నిజమే, నాకెందుకు తట్టలేదో. అలాగే లింకొకటి వస్తుందని, అందులో ఐదు స్టార్లు కొట్టాలని, నాలుగిస్తే ఇన్సెంటివ్ కట్ చేస్తారని కూడా చెప్పాడు. సొంత బండి, సొంత పెట్రోలు, ఎండలో ఊరంతా తిరుగుడు. ఆ పెనాల్టీ కంపెనీకి పడేదైతే చచ్చినా చెప్పేవాణ్ణి కాదు గానీ, ఆ కుర్రాడి గొంతు విని ఓటీపీ చెప్పేశాను, స్టార్లూ కొట్టేశాను. నిమిషంలో మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషిస్తున్నామని. నేనూ సంతోషించి, గాజులోంచి లుంగీ చూసుకున్నాను.

మా బావమరిది చట్టాల మనిషి. వాడితో హోటల్‌కి వెళ్తే కాఫీ చల్లారిపోతుంది, ఎందుకంటే బిల్లులో సర్వీస్ ఛార్జి కనబడగానే 2022 మార్గదర్శకాల దగ్గర మొదలుపెట్టి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు అది తప్పనిసరి చేయకూడదని ఇచ్చిన తీర్పు దాకా సర్వర్‌కి వివరించి, ఆ ఛార్జి తీయించిగానీ లేవడు. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే ఐదు రోజుల్లో తిరిగి వేయాలని, దాటితే రోజుకి 100 రూపాయలివ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పిందన్నదీ వాడి ద్వారానే తెలిసింది. ఆ వంద సంగతి ఓసారి బ్యాంకు కౌంటర్‌లో అడిగితే, వాళ్ల తాతల ఆస్తిలో వాటా అడిగినట్టు చూశారు.

సరే, వాడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయమన్నాడు. చేశాను. అక్కడ మర్యాదగానే రాసుకున్నారు, చాలామందికి డబ్బు తిరిగి ఇప్పించారట కూడా, కాదనను. కాకపోతే ఆ ఫిర్యాదు వెళ్లాల్సింది మళ్లీ కంపెనీకే కదా. కంపెనీ జవాబిచ్చింది: వినియోగదారుడు స్వయంగా ఓటీపీ చెప్పి, సేవకి ఐదు స్టార్లు కూడా ఇచ్చారు. నా మీద నేనే సాక్ష్యం చెప్పుకున్నానన్నమాట. అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దాం, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు, నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది అన్నాడు వాడు ఉత్సాహంగా. మా ఆవిడ మిషన్ వైపు చూసి, "అప్పటికి నా చీరల మీద పుట్టగొడుగులు మొలుస్తాయి" అంది.

పదకొండో రోజు వీధి చివర మిక్సీలు బాగుచేసే కుర్రాణ్ణి పిలిచాను. వాడి దగ్గర సర్వీసు అనేదే లేదు. కంప్లైంట్ నంబరివ్వలేదు, నా కాల్ ముఖ్యమని ఒక్కసారైనా అనలేదు, సంభాషణ రికార్డు చేసుకోలేదు. చెప్పులు బయట విడిచి వచ్చాడు, మిషన్ కింద ఫిల్టర్ మూత తీసి, అందులో చెయ్యి పెట్టి చిన్న తాడు లాగాడు. టక్కుమని తలుపు తెరుచుకుంది. ఆ వాసనకి ముగ్గురం వెనక్కి దూకాం.

అలవాటైన ప్రాణం కదా, "స్టార్లు ఎక్కడ కొట్టాలి బాబూ?" అని అడిగేశాను.

"రెండొందలివ్వండి బాబాయ్, చాలు" అన్నాడు.

బట్టలన్నీ మళ్లీ ఉతకాల్సిందే. మా ఆవిడ వాటిని మళ్లీ మిషన్‌లోకే తోయబోతుంటే, పరిగెత్తుకెళ్లి బకెట్ తెచ్చిచ్చాను.