హైడెల్‌బర్గ్ ఖాళీ పీపా గారికి

మహారాజశ్రీ పీపా గారి దివ్య సముఖమునకు,
కోట నేలమాళిగ, హైడెల్‌బర్గ్, నెకర్ నది ఒడ్డు, జర్మనీ.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. పనీపాటా లేనివారికి ఏ రోగం వస్తుంది కనుక?

అయ్యా, తమరి దర్శనం అంత సులభమేమీ కాదు. తాడు లాగే రైలులో కొండెక్కి, వరుసలో నిలబడి లోపలికి రాగానే ఒక పెద్ద పీపా కనిపిస్తుంది. జనం అబ్బో అంటూ దాని ముందు ఫోటోలు దిగుతారు. అది తమరు కాదు, తమరి గుమాస్తా. గొప్పవారి గదికి ముందు ఇలాంటి వారొకరు ఉండటం మాకు కొత్త కాదు. ద్రాక్షసారా పోయడానికి చేసిన అసలు పీపా తమరు లోపలి గదిలో, సుమారు ఏడు మీటర్ల ఎత్తు పొట్టతో పడుకుని ఉన్నారు. తమరి వీపు మీద నాట్యవేదిక కూడా కట్టారు. కడుపులో చుక్క లేకపోయినా పైన గంతులు వేయవచ్చన్నమాట.

తమరి ఉద్యోగ చరిత్ర చదివి ముచ్చటపడ్డాను. 1751లో హైడెల్‌బర్గ్ ఉన్న పాలటినేట్ సంస్థానపు పాలకుడు కార్ల్ థియోడోర్ సుమారు 130 ఓక్ చెట్లు కొట్టించి తమరిని చేయించాడు. పట్టే సారా 2,21,726 లీటర్లు. మా హైదరాబాదు ఎండాకాలపు లెక్కలో చెప్పాలంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై రెండు. అందులో పోసేది రైతులు పన్ను కింద ఇచ్చిన ద్రాక్షసారా. ఎండ వాలున పండినదీ, నీడన పండినదీ, తియ్యనిదీ, పుల్లనిదీ అంతా ఒకే కడుపులోకి. పన్ను కట్టేవాడు తన ఇంట్లో ఉన్నవాటిలో మేలైనది ఏరి తెచ్చి పోస్తాడని నమ్మిన ఆ ప్రభుత్వానికి నా జోహార్లు.

అసలు రుచి దీంట్లో ఉంది. తమరు పుట్టేనాటికి ఆ కోటలో తాగేవాళ్లే లేరు. ఊరి చర్చి ఎవరిదన్న గొడవలో ప్రజల మీద అలిగిన కార్ల్ ఫిలిప్, అంటే కార్ల్ థియోడోర్‌కు ముందు పాలకుడు, 1720లోనే కొలువును మాన్‌హైముకు ఎత్తేశాడు. కొలువు పోయాక 1728లో ఒక పీపా, అది చాలక 1751లో తమరు. ఆఫీసు వేరే ఊరికి తరలిపోయాక పాత ఊళ్లో దానికి కొత్త గోదాము కట్టడం మా వైపు మాత్రమే జరుగుతుందనుకునేవాణ్ణి. పోనీ కార్ల్ థియోడోర్ అయినా తిరిగి కోటకు వద్దామనుకుంటే, 1764లో పిడుగు పడి అది కాలిపోయింది. ఇది దైవసూచన అని ఆయన మానుకున్నాడట. పిడుగు తమరిని మాత్రం ముట్టుకోలేదు. ఖాళీ కుర్చీలకు ఎప్పుడూ ఏమీ కాదు.

పక్కన నది మీద పాత వంతెనను చూడండి పాపం. 1784లో మంచుగడ్డల వరద ముందున్న వంతెనను తన్నుకుపోతే, అదే కార్ల్ థియోడోర్ హయాంలో 1788కల్లా రాతి వంతెన లేచింది. 1945 మార్చిలో వెనక్కు పారిపోతున్న జర్మన్ సైన్యమే దాన్ని పేల్చేస్తే, 1947కల్లా మళ్లీ నిలబెట్టారు. మనుషులు దాటాలి కనుక దానికి అన్ని దెబ్బలు, అంత తొందర. దాని మీద నడవడానికి మాత్రం టిక్కెట్టు లేదు. పనికొచ్చేదాన్ని ఊరికే తొక్కుతారు, పనికిరానిదాన్ని డబ్బిచ్చి చూస్తారు.

కోట కథా అంతే. 1689లోనూ 1693లోనూ ఫ్రెంచి సైన్యం దాన్ని పేల్చింది. మిగిలిన రాళ్లను ఊరివాళ్లు ఇళ్ల గోడలకు మోసుకుపోతుంటే అడ్డుపడి కాపాడినవాడు షార్ల్ ద గ్రెంబెర్గ్. ఆయనా ఫ్రెంచివాడే! పగలగొట్టిన దేశం నుంచే కాపలాదారు రావడం చూసి, ఆ ఊరివాళ్లు సిగ్గుపడ్డారో సంతోషించారో గాని, ఇవాళ ఆ శిథిలమే వాళ్లకు అన్నం పెడుతోంది.

ఎదురుగా నిలబెట్టిన పెర్కియో బొమ్మ సంగతి కూడా విన్నవించుకోవాలి. అతను కార్ల్ ఫిలిప్ విదూషకుడు, అంటే తమరికి ముందున్న పీపా కాలం మనిషి. జీవితమంతా సారా తప్ప మరొకటి ముట్టలేదనీ, ఒకసారి వైద్యుడి మాట విని నీళ్లు తాగి మర్నాడే చనిపోయాడనీ కథ. నాకెందుకో ఆ కొలువులో తెలివైనవాడు అతనొక్కడే అనిపిస్తుంది. పన్నుగా వచ్చినదాన్ని దాచలేదు, ఖర్చు చేశాడు.

చివరగా ఒక చిన్న మనవి. చెక్క ఎండిపోయి తమరి కొలత ఇప్పుడు సుమారు 2,19,000 లీటర్లకు దిగిందట. అంటే మాకు చూపిస్తున్న ఖాళీలో దాదాపు 2,700 లీటర్లు కోత పడింది. టిక్కెట్టు మీద ఆ తగ్గింపు ఎక్కడా కనిపించలేదు. ఎండిన మేరకు లెక్కగట్టి మిగతా పైకం వాపసు ఇప్పించవలసిందిగా ప్రార్థన. సారాగా ఇస్తామంటే మాత్రం వద్దు.

ఇట్లు,
రసీదు జాగ్రత్తగా దాచుకున్న
ఒక తెలుగు యాత్రికుడు