సీసాలో నీళ్లు సరే, నది మొగలో బురద సంగతేంటి?

చేపలు చచ్చి తేలతాయి. అధికారులు వస్తారు, సీసాలో నీళ్లు పట్టుకెళ్తారు, 'అన్నీ పరిమితిలోపే' అంటూ ఒక కాగితం ఇచ్చి చేతులు దులుపుకుంటారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం తీరానికి ఈ తంతు కొత్త కాదు.

అసలు పాదరసం లాంటి విషలోహం నీళ్లలో తేలుతూ దొరుకుతుందని ఎవరు చెప్పారు? బొగ్గు పొగలోంచి రాలినా, ఫ్యాక్టరీ కాలువలోంచి వచ్చినా అది చాలావరకు ఒండ్రును పట్టుకుని అడుక్కి దిగిపోతుంది. తాగునీటిలో పాదరసానికి ప్రమాణం లీటరుకు 0.001 మిల్లీగ్రాము. పైనున్న నీళ్లు ఆ పరీక్ష దర్జాగా పాసైపోవచ్చు. బురదను అడిగిందెవరు?

పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, వంశధార సముద్రంలో కలిసే మొగలో నీళ్లు కదలని చోట కాలు దించి చూడండి. నల్లటి బురద, కుళ్లిన గుడ్డు కంపు కనిపిస్తే అక్కడ ఆక్సిజన్ అయిపోయినట్టే. సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియా చేరినట్టే. పాదరసాన్ని ఒంట్లో పేరుకుపోయే మరింత విషమైన మిథైల్ పాదరసంగా మార్చేది ముఖ్యంగా ఇవే. అది పురుగులోంచి జెల్ల చేపకు, జెల్లలోంచి పెద్ద చేపకు ఎక్కేసరికి నీటిలో ఉన్నదానికి లక్షల రెట్లవుతుంది. విచిత్రమేంటంటే, ఆ బ్యాక్టీరియా వదిలే సల్ఫైడు మరీ పెరిగితే అదే పాదరసాన్ని కట్టిపడేస్తుంది కూడా. ఉప్పు, ఆమ్లత్వం, మురుగుతో వచ్చే కుళ్లు, అన్నీ కలిసి తేల్చే లెక్క ఇది. కొత్తగా గ్రాము పాదరసం పడకపోయినా, నాగావళిలోకి మురుగు వదులుతూ పోతే అడుగునున్న పాత విషం లేచి కూర్చోవచ్చు. ఇన్ని మెలికలున్న వ్యవహారాన్ని ఒక్క సీసా తేల్చేస్తుందా?

పరిశ్రమలు లేక మన పిల్లలు వలస పోతున్నారన్నది నిజమే, కాదనం. కానీ ఈ సీసా కాగితం ఇవాళ చెల్లితే రేపు ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి థర్మల్ ప్రతిపాదన ఇదే పట్టుకొస్తుంది. థర్మల్ ప్లాంట్లు వద్దంటూ సోంపేట బీల అనే చిత్తడి నేల కోసం 2010లో, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేల కోసం 2011లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన జిల్లాలో, కాగితం చూపించి నోరు మూయిస్తామంటే కుదరదు.

జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడ్డ పాదరసం జబ్బు తాగిన నీళ్లతో రాలేదు, తిన్న చేపలతో వచ్చింది. పాదరసాన్ని అదుపు చేసేందుకు ఆ ఊరి పేరిట ఉన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఢిల్లీలో ఒప్పందం, ఇక్కడ సీసా!

మొగల్లో, గెడ్డల్లో (వాగుల్లో) బురద తవ్వి పరీక్షించండి. అక్కడి జెల్లల్ని, పీతల్ని పరీక్షించండి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడకు అంటించండి. అది చేతకాకపోతే కనీసం 'అంతా బాగుంది' అన్న ఆ కాగితం మీద సంతకాలు పెట్టడం మానండి.