నేనెవరో చెప్పుకో చూద్దాం

ఇంట్లో పెద్దాయనకి డిమెన్షియా, అంటే జ్ఞాపకాలు చెరిగిపోయే జబ్బు అని తెలియగానే బంధువర్గానికి ఒక పవిత్ర బాధ్యత గుర్తొస్తుంది. వచ్చి పరీక్ష పెట్టాలి. ప్రశ్నపత్రంలో ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "పెదనాన్నా, నేనెవరో చెప్పుకో చూద్దాం!"

పెద్దాయన నవ్వుతాడు. పేరు తట్టకపోయినా మర్యాద పోలేదు కదా, "ఆఁ, తెలియకపోవడమేంటి" అంటాడు. అంతటితో వదిలేస్తే పరీక్ష ఎలా అవుతుంది? క్లూ ఇస్తారు. "చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడివి!" ఆ మాటతో పెద్దాయన మొహం వెలుగుతుంది. "బుజ్జిగాడా? వాడింకా బడి నుంచి రాలేదే" అంటాడు. కొత్త జ్ఞాపకాలు ముందు చెరిగిపోయి పాతవి ఎక్కువ కాలం నిలిచే జబ్బులో ఇంతకన్నా సరైన సమాధానం ఉండదు, ఆయనకి గుర్తున్నది ఎనిమిదేళ్ల పిల్లాడు, ఎదురుగా ఉన్నది బట్టతల. కానీ మార్కులు సున్నా. "అయ్యో, నన్ను కూడా మర్చిపోయాడే!" ఆ 'కూడా' గమనించారా? మిగతా లోకాన్ని మర్చిపోతే పర్లేదన్నమాట. తర్వాత వంతు ఆవిడగారిది, "పోనీ నన్ను గుర్తుపట్టారా?" ఆ తర్వాత పిల్లలది. ఎవరో వీడియో కూడా తీస్తుంటారు. ఫ్యామిలీ గ్రూపులో దానికి నలభై దండాలు.

పేర్లు అడిగే అర్హత ఉన్నవాడు ఒకడుండేవాడు. 1901లో ఆలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు 51 ఏళ్ల ఆగస్టె డీటర్‌ని కూర్చోబెట్టుకుని నీ పేరేంటి, మీ ఆయన పేరేంటి అని అడిగి జవాబులన్నీ రాసుకున్నాడు, 1906లో ఆమె పోయాక మెదడుని పరీక్షించి అది వయసుతో వచ్చే చాదస్తం కాదు, జబ్బు అని చూపించాడు. బుజ్జిగారు ఏం కనిపెట్టబోతున్నారో మాత్రం తెలీదు.

జరిగింది గుర్తుండకపోయినా దాని వల్ల కలిగిన బాధ చాలాసేపు ఉండిపోతుంది ఈ జబ్బులో. పైగా పొద్దువాలే వేళకి కంగారు, చిరాకు పెరగడం చాలామందిలో ఉంటుంది. పరీక్షాధికారులు సాయంత్రంలోపు వెళ్లిపోతారు. ఆ తర్వాత, ఎందుకో తెలియని దిగులుతో తలుపు గొళ్లెం లాగుతూ "మా ఇంటికి పోతాను" అనే మనిషికి, ఇదే మీ ఇల్లు అని వాదించకుండా చెయ్యి పట్టుకుని గదంతా తిప్పేది ఎవరు? కోడలో, కూతురో.

వెళ్లేముందు గడపలో నిలబడి ఒక ఉపన్యాసం ఉంటుంది లెండి. "మన సంస్కృతి గొప్పదమ్మా, పెద్దవాళ్లని ఇంట్లోనే చూసుకుంటాం." ఈ ఉపన్యాసం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు, కుటుంబం అంటే ప్రాణమిచ్చే సమాజాలన్నిటా వినిపించేదే. బాధ్యతని అంత గట్టిగా నమ్మేవాళ్లకి భారం తక్కువ అనిపిస్తుందని పరిశోధకులు కూడా ఒకప్పుడు ఆశపడ్డారు. తీరా లెక్కలు చూస్తే అంత సులువుగా తేలలేదు. నమ్మకం ఉన్నంత మాత్రాన ఎవరి నడుం నొప్పీ తగ్గదు.

కానీ చూసుకునే ఆ కోడలో కూతురో ఒక మనిషిని సాయానికి పెట్టుకుందామన్నా, కొన్నాళ్లు కేర్ హోమ్‌లో ఉంచుదామన్నా చూడండి, ఇన్నాళ్లూ ఫోన్ ఎత్తని వాళ్లంతా సంస్కృతీ పరిరక్షణకి బయల్దేరతారు. నలుగురూ ఏమనుకుంటారు అంటారు. ఎవరా నలుగురు? ఒక్కరన్నా రాత్రి రెండింటికి తడిసిన దుప్పటి మార్చారా? డిమెన్షియా ఉన్నవాళ్ల సంరక్షణకి పట్టే గంటల్లో 70 శాతం ఆడవాళ్లవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇంట్లోవాళ్లు సగటున రోజుకి 5 గంటలు ఇస్తున్నారనీ చెబుతోంది. ఉద్యోగం మానేసింది ఆమె, నిద్ర పోగొట్టుకుంది ఆమె, అన్నిటికీ మించి, ఆయన ఆమెని దొంగ అని అరిచినప్పుడు నోరు మూసుకుని పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుందీ ఆమే. గొప్పతనం మాత్రం వంశానిదట! సిగ్గుండాలి. ఒక మనిషి ఒంటిని పిండి దానికి సంస్కృతి అని పేరు పెట్టుకుని ఊరేగుతున్నారు.

ఒక ఆదివారం మీరొచ్చి ఉండండి, పొద్దున్నుంచి రాత్రి దాకా, నేను కాస్త పడుకుంటాను అని అడిగిందనుకోండి. జవాబు రెడీగా ఉంటుంది.

"మాకు చేతకాదమ్మా అవన్నీ. నీకైతే అలవాటే కదా."