నడిబొడ్డు లేని ఊరు: ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్ ఎందుకు పుట్టింది?

న్యూజెర్సీలోని ఎడిసన్‌ను మనవాళ్లు ‘మినీ ఇండియా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట అబద్ధం కాదు. 2010 జనగణన నాటికే ఆ టౌన్‌షిప్ జనాభాలో 28 శాతం భారత సంతతి వాళ్లు. కానీ న్యూయార్క్ చుట్టూ ఇలాంటి శివారు ఊళ్లు వందలున్నాయి. మంచి బడులూ రైలు సౌకర్యమూ చాలాచోట్ల ఉన్నాయి. మరి ఇక్కడే ఎందుకు కుదురుకున్నారు? దీనికి జవాబు వలస చరిత్రలో కొంతే దొరుకుతుంది. మిగతాది ఆ ఊరు ఏర్పడిన తీరులో ఉంది. ఎడిసన్‌కు నడిబొడ్డు లేదు. ఆ ఖాళీలో పుట్టిన భారతీయ బజారు వీధే ఓక్ ట్రీ రోడ్.

మొదట్లో దాని పేరు రారిటన్ టౌన్‌షిప్. 1870లో వుడ్‌బ్రిడ్జ్, పిస్కాటవే టౌన్‌షిప్‌ల నుంచి కొంత కొంత నేల విడగొట్టి ఏర్పాటు చేశారు. అందులో బజారూ స్టేషనూ ఉండి ఊరులా కనిపించే చోటు మెటచెన్. 1900లో అది తన దారి తాను చూసుకుని వేరే బరో (సొంత పురపాలన ఉన్న పట్టణం) అయింది. 1905లో హైలాండ్ పార్క్ కూడా విడిపోయింది. మ్యాపు తీసి చూడండి: ఎడిసన్ గారె అయితే మెటచెన్ దాని చిల్లు. చుట్టూ ఎడిసనే, మధ్యలో మాత్రం వేరే మేయరు, వేరే పోలీసు, వేరే పన్ను. మిగిలిన నేలకు తనదంటూ ఒక బజారు వీధి లేకుండా పోయింది.

థామస్ ఎడిసన్ వచ్చిందీ ఇలాంటి ఖాళీలోకే. ఈ టౌన్‌షిప్‌లోని మెన్లో పార్క్ అప్పటికి ప్లాట్లు అమ్ముడుపోక చతికిలబడిన ఒక రియల్ ఎస్టేట్ వెంచర్. దాని అమ్మకాల ఆఫీసుగా వాడిన ఇంటినే ఆయన కొనుక్కుని కాపురం పెట్టాడు. 1876లో ప్రయోగశాల మొదలైంది, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో ఎక్కువసేపు వెలిగే బల్బు వచ్చాయి. 1887లో వెస్ట్ ఆరెంజ్‌లో పెద్ద ప్రయోగశాల కట్టుకున్నాక మెన్లో పార్క్ పాడుపడింది. 1929 నాటికి హెన్రీ ఫోర్డ్ మిగిలిన చెక్కా సామానూ, చివరికి ఆ నేల మట్టి కూడా మిషిగన్‌కు తరలించి అక్కడ ప్రయోగశాలను తిరిగి నిలబెట్టాడు. ఇక్కడ ఉన్నది క్రిస్టీ స్ట్రీట్‌లో 1938లో ఆవిష్కరించిన స్మారక గోపురం. ఎత్తు 131 అడుగులు, నెత్తిన మనిషికి రెండింతల ఎత్తు గాజు బల్బు. ఫొటో దిగడానికి బాగుంటుంది.

పేరు మారింది 1954లో. ఓటర్ల ముందు రెండు పేర్లు పెట్టారు: ఎడిసన్, నిక్సన్. ఈ నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన పెద్దమనిషి కాదు, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇక్కడ మందుగుండు కర్మాగారం పెట్టిన లూయిస్ నిక్సన్. 1924 మార్చి 1న ఆ ఆవరణలో జరిగిన పేలుడులో దాదాపు 20 మంది చనిపోయారు. జనం బల్బు వైపే మొగ్గారు.

నిజానికి ఈ ఊరి ఆకారాన్ని బల్బు కంటే ఎక్కువగా మలిచినవి సైన్యం, రోడ్లు. 1917లో రారిటన్ నది ఒడ్డున ఆయుధాగారం వెలిసి 1960ల మొదట్లో మూతపడింది. ఆ నేలలోనే ఇప్పుడు మిడిల్‌సెక్స్ కాలేజీ, గోదాములతో నిండిన రారిటన్ సెంటర్ ఉన్నాయి. పూడ్చిపెట్టిన పాత మందుగుండును సైనిక ఇంజనీర్లు దశాబ్దాల తరబడి ఏరుతూ వచ్చారు. పక్కనే పిస్కాటవేతో కలిసి ఉన్న క్యాంప్ కిల్మర్ రెండో ప్రపంచయుద్ధంలో ఐరోపాకు వెళ్లే సైనికుల మజిలీ. 1956లో హంగరీ తిరుగుబాటు అణిచివేత తర్వాత 30 వేల మందికి పైగా శరణార్థులు మొదట దిగింది ఆ శిబిరంలోనే. ‘బయటివాళ్లు’ ఈ ప్రాంతానికి కొత్తేం కాదన్నమాట.

1948లో రూట్ 1 పక్కన ఫోర్డ్ కార్ల కర్మాగారం తెరిచారు (మట్టి తీసుకెళ్లిన పేరే ఉద్యోగాలతో తిరిగొచ్చింది). 1950లో 16 వేలున్న జనాభా 1960కి దాదాపు 45 వేలు, 1970కి 67 వేలు దాటింది. టర్న్‌పైక్, గార్డెన్ స్టేట్ పార్క్‌వే, రూట్ 1, ఆపై ఇంటర్‌స్టేట్ 287 అనే పెద్ద రహదారులన్నీ ఇక్కడో, ఇక్కడికి కూతవేటు దూరంలోనో కలుస్తాయి. ఇళ్లు వరుసగా లేచాయి, మాల్ వచ్చింది, వీధి మాత్రం రాలేదు. 2004లో ఫోర్డ్ మూతపడ్డాక ఆ స్థలమూ షాపింగ్ సముదాయంగానే మారింది.

ఇక ఓక్ ట్రీ రోడ్. 1777 జూన్‌లో బ్రిటిష్ సేనలతో పోరు జరిగిన దారి ఇది. 1980ల చివరికి చాలా దుకాణాలు ఖాళీగా, అద్దెలు చవగ్గా ఉన్న మామూలు వాణిజ్య రోడ్డు. అదే సమయంలో జెర్సీ సిటీలో భారతీయుల మీద ‘డాట్‌బస్టర్స్’ (బొట్టును ఎగతాళి చేస్తూ ఆ పేరు పెట్టుకున్న ముఠా) దాడులు జరుగుతున్నాయి. స్థోమత కుదిరినవాళ్లు శివార్లకు జరుగుతున్నారు. 1965 వలస చట్టంతో వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు అప్పటికే సొంతిళ్లలో స్థిరపడ్డారు. 1971లో తెరిచిన మెట్రోపార్క్ స్టేషన్ నుంచి మన్‌హట్టన్‌కు ముప్పావు గంట ప్రయాణం. చవక అద్దె, దగ్గరి రైలు, చుట్టూ పెరుగుతున్న గిరాకీ కలిసొచ్చాయి, గుజరాతీ వ్యాపారులు షట్టర్లు ఎత్తారు. దీటైన పాత బజారు వీధి ఎదురుగా ఉంటే ఈ రోడ్డుకు ఇంత ఊపు వచ్చేది కాదని నా అంచనా. అది మెటచెన్‌తోపాటు 1900లోనే వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం అక్కడికి వెళ్తే సంగతి తెలుస్తుంది. ఎక్కువగా ఒకటి రెండు అంతస్తుల దుకాణాలే, ముందు ఇరుకు పార్కింగు. నగల షాపు పక్కన చాట్ భండార్, దాని పక్కన చీరలు, ఆ పక్కన పచారీ కొట్టు. కొట్టులో గోంగూర కట్టల దగ్గర తెలుగు, దొండకాయల దగ్గర గుజరాతీ, బిల్లు దగ్గర హిందీ వినిపిస్తాయి. పార్కింగులో వెనక్కి తీసే కారు కోసం మూడు కార్లు కాచుకుంటాయి. అక్కడ మాత్రం అందరిదీ ఒకటే భాష, హారన్.

తెలుగువాళ్ల రాక ప్రధానంగా రెండో అలలో. 1990 చట్టంతో హెచ్-1బి వీసా, ఆ వెంటనే వైటూకే (2000 సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే) పనులు వచ్చాయి. ఎడిసన్, ఇజ్లిన్ ఆఫీసు సముదాయాల్లో చిన్నా పెద్దా కన్సల్టెన్సీలు వెలిశాయి. ప్రాజెక్టు దొరికే దాకా గెస్ట్‌హౌస్‌లో నలుగురైదుగురు సర్దుకోవడం, దొరికాక రూట్ 1 పక్కన అపార్ట్‌మెంట్, పిల్లలు బడికెళ్లే వయసుకు ఉత్తర ఎడిసన్‌లోనో పక్క టౌన్‌షిప్‌లోనో ఇల్లు. ఈ మెట్ల వరుస ఒక తరానికి బాగా తెలుసు. అందుకే బజారు ముద్ర గుజరాతీదైతే, అపార్ట్‌మెంట్ల ముద్ర చాలావరకు తెలుగుది. 2023 మేలో అమెరికా తెలుగు సంఘం నాట్స్ తెలుగు సంబరాలు జరిగింది రారిటన్ సెంటర్‌లోని ఎక్స్‌పో సెంటర్‌లో, అంటే ఆ పాత ఆయుధాగారం నేల మీదే.

అదే నేల మీద 1990లలో నవరాత్రి గర్బాకు గుడారాలు వేసినప్పుడు సంగీతం ఎన్నింటికి ఆపాలన్న తగాదా ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. 2005 ఎన్నికల్లో కొరియా మూలాలున్న జున్ చోయ్ మేయరుగా గెలిచాడు. 2017లో బడి బోర్డుకు నిలబడిన చైనా, భారత మూలాల అభ్యర్థులిద్దరినీ దేశం నుంచి పంపేయాలంటూ ఇంటింటికీ కరపత్రాలు వచ్చాయి. ఇద్దరూ గెలిచారు. 2021లో శామ్ జోషి మేయరుగా ఎన్నికయ్యాడు.

ఇల్లు కొనేవాళ్లు ఎక్కువగా పొరపడేది చిరునామా దగ్గర. పోస్టాఫీసు పేరు వేరు, పురపాలక హద్దు వేరు. మెటచెన్ పోస్టల్ పేరుతో ఉన్న కొన్ని ఇళ్లు నిజానికి ఎడిసన్‌వి. ఇజ్లిన్ అసలు ఊరే కాదు, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో ఒక భాగం. పన్ను రికార్డులో టౌన్‌షిప్ పేరు చూసుకోవాలి, తర్వాత బడి హద్దు. ఉత్తరాన జె.పి. స్టీవెన్స్ హైస్కూలు, దక్షిణాన ఎడిసన్ హైస్కూలు. ఉత్తర ఎడిసన్ పిన్ కోడ్ అయిన 08820కు ధర పలకడంలో మొదటిదాని పేరుకు పెద్ద వాటా ఉంది. నీళ్ల బిల్లూ రెండు రకాలు: ఉత్తరాన ప్రైవేటు కంపెనీ, దక్షిణాన టౌన్‌షిప్. ఆ టౌన్‌షిప్ నీటి వ్యవస్థను 40 ఏళ్ల కాంట్రాక్టు మీద ప్రైవేటుకు అప్పగించే ప్రతిపాదనను 2019లో ఓటర్లు చిత్తుగా తిప్పికొట్టారు.

పన్ను రేటు చూసి గుండె ఆగినంత పనవుతుంది: మదింపు విలువలో (పన్ను కోసం టౌన్‌షిప్ లెక్కగట్టిన ఇంటి విలువలో) నూటికి 5 డాలర్ల పైన. కానీ ఆ మదింపు ఏళ్ల కిందటిది, మార్కెట్ ధరకు ఆమడ దూరంలో ఉంటుంది. ఉదాహరణకు మార్కెట్‌లో 6 లక్షల డాలర్ల ఇంటికి మదింపు 2 లక్షలు, రేటు 5.5 అనుకుందాం. పన్ను 11 వేలు. పక్క ఊళ్లో అదే ధర ఇంటికి మదింపు పూర్తి 6 లక్షలు, రేటు 2 అయితే పన్ను 12 వేలు. రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే దండగ. అప్పీలు చేయాలన్నా ‘పన్ను ఎక్కువైంది’ అంటే చెల్లదు, మదింపునే సవాలు చేయాలి. ముందటి సంవత్సరం అక్టోబర్ 1 నాటి మార్కెట్ విలువ తీసుకుని, మదింపు దానిలో ఎంత వంతో చూస్తారు. ఆ ఊరికి రాష్ట్రం ప్రకటించిన సగటు నిష్పత్తిని అది 15 శాతానికి మించి దాటితేనే తగ్గింపు. గడువు మామూలుగా ఏప్రిల్ 1. పన్ను ఏటా నాలుగు వాయిదాలు: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తేదీల్లో.

ఓక్ ట్రీ రోడ్ కూడా ఈ హద్దులకు అతీతం కాదు. ఒక కొస ఎడిసన్‌లో, రెండో కొస వుడ్‌బ్రిడ్జ్‌లో ఉంది. ఏటా ఆగస్టులో జరిగే ఇండియా డే ఊరేగింపు రెండు టౌన్‌షిప్‌ల మీదుగా సాగుతుంది. 2022 ఊరేగింపులో యోగి ఆదిత్యనాథ్ బొమ్మలతో ఒక బుల్డోజర్ వచ్చి గొడవైనప్పుడు నిర్వాహకుల చేత క్షమాపణ చెప్పించమన్న డిమాండ్ రెండు టౌన్‌హాళ్ల తలుపూ తట్టింది. చివరికి నిర్వాహకులు ఆ బుల్డోజర్‌ను అనుమతించడం పొరపాటేనని ఒప్పుకుంటూ ఇద్దరు మేయర్లకూ క్షమాపణ రాశారు.